తల్లిని ముందుంచుకొని: జగ్గయ్యపేట ఆయకస్తంభ శాసనంలో కుటుంబ భక్తిచిత్రం

ప్రవేశిక

పూర్వపు కృష్ణా మండలపు మెట్టప్రాంతంలో నందిగామకు వాయవ్యంగా పాలేటి ఒడ్డున ఉన్న పట్టణం జగ్గయ్యపేట. పూర్వనామం బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. ఊరి చెంతనే ఉన్న ధనంబోడు అనే గుట్టమీద ప్రాచీన బౌద్ధస్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దీనిని తవ్వించి పరిశీలించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలను గురించిన ఆయన గ్రంథం 1887లో వెలువడింది. మాంధాత చక్రవర్తి శిల్పఫలకం వల్ల ఈ స్తూపం కళాచరిత్రకారులకు సుపరిచితం. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఈ స్తూపానికి చెందిన ఆయకస్తంభాల మీద ఇంచుమించు ఒకే పాఠం గల మూడు ప్రాకృత శాసన ప్రతులు దొరికాయి. ఆంధ్రదేశ చరిత్ర గ్రంథాలు ఈ శాసనాన్ని తరచుగా పేర్కొంటాయి గాని, ప్రధానంగా ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరానికి ఆధారంగానే వినియోగించుకుంటాయి. తెలుగు సాహిత్యచరిత్రల దృష్టి మరొకటి. అమరావతిలోని ‘నాగబు’ వంటి దేశిపదాల కోసం అవి ప్రాకృత శాసనాలను జల్లెడపట్టాయి. మొదటి పద్ధతిలో శాసనం కాలనిర్ణయ సాధనం, రెండవ పద్ధతిలో పదాల గని. శాసనాన్ని ఒక రచనగా, ఉద్దేశపూర్వకంగా కూర్చిన వాక్యంగా చదవడం అరుదు.

ఈ శాసనం ఒక కుటుంబాన్ని ఆరాధ్యుని ఎదుట వరుసగా నిలబెట్టిన భక్తిచిత్రమనీ, ఆ వరుసలో తల్లికి దక్కిన మొదటి స్థానం యాదృచ్ఛికం కాదనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశీలనకు 15వ శతాబ్దపు ఫ్లాండర్స్ దేశపు చిన్న భక్తిచిత్రాలను పోలికగా తీసుకుంటున్నాను. కాలంలో సుమారు 1200 ఏళ్ల ఎడం, దేశంలో, మతంలో దూరం ఉన్న ఈ రెండింటి మధ్య ప్రభావసంబంధం ఏదీ లేదు. భక్తుడు తన్నూ తనవారినీ పవిత్రసన్నిధిలో ఎక్కడ నిలుపుకుంటాడు అన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే.

శాసన విషయం

శాసనం ‘సిద్ధం’ అన్న మంగళవాచకంతో మొదలవుతుంది. మాఠరీపుత్ర శ్రీ వీరపురుషదత్తుని 20వ సంవత్సరం, వర్షాకాలపు 8వ పక్షం, 10వ దినం అని కాలం చెబుతుంది. ఆ తర్వాత దాత పరిచయం. కమ్మక రాష్ట్రంలోని నడతూర గ్రామవాసి, ఆవేశని అయిన నాకచందుని కొడుకు. మహాకందురూర గ్రామవాసి, తానూ ఆవేశని. పేరు సిద్ధార్థుడు (ప్రాకృతంలో సిధథ). అతడు తన తల్లి నాగిలనిని ముందుంచుకొని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, తమ్ముడు బుధినాకుడు, అతని భార్య కనిక, వారి ఇద్దరు కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిధథనికలతోనూ, జ్ఞాతి మిత్ర సంబంధి వర్గంతోనూ కూడి వెలగిరి గ్రామంలోని బుద్ధ భగవానుని మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు ఆయకస్తంభాలను నిలిపాడు. ఫలం సర్వసత్త్వాల హితసుఖాలు. ‘భాతుక’ శబ్దం సోదరుడనే చెబుతుంది. దాత తర్వాత పేర్కొనడాన్ని బట్టి తమ్ముడని గ్రహిస్తున్నాను.

స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలమీద ఐదేసి ఆయకస్తంభాలు నిలపడం ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత. బుద్ధుని జీవితంలోని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్రప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి సంకేతాలని పండితులు సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. సిద్ధార్థుడు ఇచ్చినవి ఒక దిక్కుకు చాలినన్ని స్తంభాలు. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసేవారి కళ్ల ఎదుట ఈ కుటుంబం పేర్లు నిలిచేటట్లు అతడు ఏర్పాటు చేసుకున్నాడు. అదీ ఒక్కచోట కాదు, మూడు ప్రతుల్లో.

ఫ్లెమిష్ చిత్రాలతో పోలిక

యాన్ వాన్ ఐక్ 1439లో చిత్రించిన ‘జలయంత్రం చెంత మరియమాత’ ఇప్పుడు ఆంట్‌వెర్ప్ మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 12 సెంటీమీటర్లు. అరచేతి పొడవును కాస్త మించిన కొయ్యపలక. నీలివస్త్రం ధరించిన మరియ బాలయేసును ఎత్తుకొని నిలబడి ఉంటుంది. శిశువు తల్లి మెడను చేతితో చుట్టుకుంటాడు. ఒక వ్యక్తి తన గదిలో ఒంటరిగా ప్రార్థించుకోవడానికి తగిన పరిమాణం ఇది. చట్రం మీద చిత్రకారుడు తన పేరు, సంవత్సరం, ‘నాకు చేతనైనంత’ అని అర్థమిచ్చే తన ముద్రావాక్యం రాసుకున్నాడు. దేవమాత రూపం లోపల, చేసినవాని పేరు వెలుపల. వాన్ ఐక్ 1441లో మరణించాడు. కనుక ఇది ఆయన చివరి సంవత్సరాల చిత్రం.

తరువాతి తరంలో బ్రూజ్ నగరంలోనే పనిచేసిన హాన్స్ మెమ్లింగ్ 1487లో మార్టెన్ వాన్ నీవెన్‌హోవె అనే యువకుని కోసం రెండు రెక్కల చిత్రం వేశాడు. ఎడమ రెక్కలో మరియమాత, బాలయేసు. కుడి రెక్కలో చేతులు జోడించిన మార్టెన్. చట్రం మీద అతని పేరు, సంవత్సరం, 23 ఏళ్ల వయస్సు రాసి ఉన్నాయి. మరియమాత వెనుక గోడకు ఉన్న కుంభాకారపు అద్దంలో ఆమె వెన్ను, ఆమె పక్కన మార్టెన్ ఆకారం చిన్నగా కనిపిస్తాయి. రెండు వేరువేరు పలకల మీద ఉన్నా ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారని ఆ అద్దం చెబుతుంది. భక్తుడు ఆరాధ్య సన్నిధిలో ఉన్నాడన్న మాటను చిత్రకారుడు స్థానం ద్వారా చెప్పాడు.

కుటుంబం మొత్తం వచ్చిన చిత్రం మరొకటి ఉంది. మెమ్లింగే 1484లో విల్లెం మోరేల్ కుటుంబానికి మూడు రెక్కల పెద్ద చిత్రం వేశాడు. నడుమ సాధువులు. చూపరికి ఎడమవైపు రెక్కలో విల్లెం, అతని ఐదుగురు కొడుకులు. కుడి రెక్కలో భార్య బార్బరా, పదకొండుమంది కూతుళ్లు. పవిత్రమూర్తులకు కుడిచేతి పక్క గౌరవస్థానం. ఆ స్థానం తండ్రిది, కొడుకులది. ఎడమచేతి పక్క తల్లిది, కూతుళ్లది. చిత్రంలో ఎవరి స్థానం ఏదో ఆ సమాజపు మర్యాద నిర్ణయించింది.

రేఖలూ రంగులూ లేని శాసనంలో ఈ పని చేసేది వాక్యక్రమం. చిత్రానికి కుడి, ఎడమ ఎటువంటివో శాసనవాక్యానికి ముందు, వెనుక అటువంటివి. ఈ దృష్టితో చూస్తే జగ్గయ్యపేట శాసనం మోరేల్ చిత్రం వలెనే కుటుంబచిత్రం. అయితే దాని కూర్పు వేరు. కొడుకులు ఒకవైపు, కూతుళ్లు మరోవైపు అన్న విభజన ఇక్కడ లేదు. ఒక సంసారం తర్వాత మరొక సంసారం. ప్రతి సంసారంలో భర్త, భార్య, కొడుకులు, కూతురు. ఈ రెండు సంసారాలకూ ముందు తల్లి. దాతతో కలిపి లెక్కిస్తే దానంలో పాల్గొన్నవారు పదిమంది. అందులో స్త్రీలు ఐదుగురు, పురుషులు ఐదుగురు.

‘పురతో కాతూనం’ – అర్థవిచారం

తల్లి ప్రస్తావనలోని కీలకపదాలు ‘పురతో కాతూనం’. ‘పురతో’ అంటే ముందు. ‘కాతూనం’ క్త్వార్థక రూపం, ‘చేసి, చేసుకొని’ అని అర్థం. పదానికి పదంగా ‘ముందు ఉంచుకొని’. ఇది కేవలం ‘కలుపుకొని, సహితంగా’ అని చెప్పే వాడుకమాట అని భావించడానికి అవకాశం ఉంది. తల్లి పేరు వలెనే తరువాతి పేర్లు కూడా ద్వితీయా విభక్తిలోనే ఉన్నాయి గనుక ఆ క్రియ అందరికీ చెందుతుందని వాదించవచ్చు. ఈ ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు.

అయినా రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ పదబంధం పేర్ల జాబితా చివర రాలేదు. తల్లి పేరు ముగియగానే, భార్య పేరుకు ముందే వచ్చింది. అందరికీ సమానంగా వర్తించే మాట అయితే జాబితా చివర నిలవడం సహజం. రెండవది, కుటుంబేతర బంధువర్గాన్ని చెప్పేటప్పుడు శాసనం ‘సహ’ అన్న పదాన్నే వాడింది. సాహిత్యాన్ని, అంటే కూడి ఉండటాన్ని, చెప్పడానికి వేరే మాట అందుబాటులో ఉండగా తల్లి విషయంలో ‘ముందు’ అన్న స్థానవాచకాన్ని ఎన్నుకోవడం గమనార్హం. అందుచేత తక్కినవారు తల్లి వెనుక చేరినవారనీ, తల్లి ఆ సమూహానికి అగ్రస్థానంలో ఉన్నదనీ గ్రహించడం వాక్యనిర్మాణానికి మరింత అనుగుణంగా ఉంటుంది.

ఇక్కడ తండ్రి స్థితిని కూడా చూడాలి. నాకచందుని పేరు దాత పరిచయంలో మాత్రమే వస్తుంది, దానంలో పాల్గొన్నవారి వరుసలో లేదు. దానకాలానికి అతడు జీవించి లేడని ఊహించవచ్చు. శాసనం ఆ మాట చెప్పలేదు గనుక ఇది ఊహగానే ఉండాలి. ఊహ సరైనదైతే నాగిలని వితంతువు. భర్తను కోల్పోయిన స్త్రీని శుభకార్యానికి వెనుకకు నెట్టిన తరువాతి కాలపు ఆచారాన్ని ఎరిగిన మనకు, ఆమెను ముందు నిలిపిన ఈ పుణ్యకార్యం ప్రత్యేకంగా కనిపిస్తుంది.

మాఠరీపుత్రుడు, నాగిలని కొడుకు

శాతవాహన, ఇక్ష్వాకు రాజులు మాతృనామాలు ధరించారన్నది ప్రసిద్ధం. ఈ శాసనంలోనే రాజు మాఠరీపుత్రుడు. అయితే ‘మాఠరి’ అన్నది తల్లి వ్యక్తినామం కాదు, ఆమె పుట్టింటి గోత్రాన్ని సూచించే మాట. రాజమాత ఈ శాసనంలో గోత్రంగా మిగిలింది. ఆవేశని తల్లి పేరుతో నిలిచింది. రాజు బిరుదులో తల్లి వంశప్రతిష్ఠకు ఆధారం. సిద్ధార్థుని వాక్యంలో తల్లి తన పేరుతో దానానికి వచ్చిన మనిషి. మాతృనామ సంప్రదాయం, తల్లికి అగ్రస్థానం అనే రెండింటినీ ఒకే గాటకట్టడం సరికాదు.

నాగార్జునకొండ శాసనాలతో పోల్చినప్పుడు ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. వీరపురుషదత్తుని 6వ సంవత్సరంలో అక్కడి మహాచైత్యానికి స్తంభదానం చేసిన చాంతిసిరి వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి. ఆమె శాసనాలు యజ్ఞాలు చేసిన సోదరుని కీర్తితో మొదలై, భర్త అయిన మహాసేనాపతి మహాతలవరుని, కొడుకుని పేర్కొని ఆమెను పరిచయం చేస్తాయి. ఆమె మహాదాత్రి, సందేహం లేదు. అయినా ఆమె గుర్తింపు అధికారంలో ఉన్న పురుషుల ద్వారా వస్తుంది. నాగిలనికి అటువంటి అధికారబంధువులు లేరు. కొడుకు ఇచ్చిన చోటు తప్ప ఆమెకు వేరే బిరుదు లేదు.

పేర్ల వరుస

ఈ కుటుంబంలోని పేర్లను పక్కపక్కన పెట్టి చదివితే మరొక విషయం తోస్తుంది. తాత పేరు నాకచందుడు. ‘నాక’, ‘నాగ’ రూపాలు ఒకే పదానికి ఉచ్చారణభేదాలని తీసుకుంటే, అతని చిన్నకొడుకు ఇంటిలో ఇద్దరు మనుమల పేర్లు నాగసిరి, చందసిరి. తాత పేరు రెండుగా విడి ఇద్దరికీ పంచినట్లుంది. ‘నాగ’ శబ్దం నాయనమ్మ నాగిలని పేరులోనూ ఉంది. సిద్ధార్థుని కూతురు నాకబుధనిక పేరులో తాత పేరులోని ‘నాక’, పినతండ్రి బుధినాకుని పేరులోని ‘బుధి’ రెండూ వినిపిస్తాయి. తమ్ముడు తన కూతురికి పెట్టిన పేరు సిధథనిక. అది అన్న సిద్ధార్థుని పేరుకు స్త్రీరూపం.

ఒకరి పేరును మరొకరి బిడ్డలో నిలుపుకున్న అన్నదమ్ములు వీరు. బుద్ధుని పూర్వాశ్రమనామం కూడా సిద్ధార్థుడే గనుక సిధథనిక పేరు భక్తివల్ల వచ్చిందని ఎవరైనా అనవచ్చు. అది కాదనలేము. ఆ పేరు ఇంట్లో అప్పటికే ఉండటంవల్ల రెండు కారణాలూ కలిసి ఉండవచ్చు. తాత, నాయనమ్మల పేర్లు మనుమలకు పెట్టుకునే తెలుగునాటి ఆచారాన్ని ఎరిగినవారికి ఈ వరుస పరిచితంగానే తోస్తుంది. స్థలనామాల విషయంలోనూ ఇటువంటి పరిచయమే ఉంది. నడతూర, మహాకందురూర అన్న రెండు ప్రాకృత రూపాల వెనుక తెలుగు ‘ఊరు’ నిలబడి ఉంది. శాసనభాష ప్రాకృతమైనా మనుషులు తిరిగిన ఊళ్లు ఈ నేలవే.

ఆవేశని: చేసినవాడా, ఇచ్చినవాడా?

సంస్కృతంలో ‘ఆవేశనం’ అంటే శిల్పిశాల. అమరకోశం ఈ అర్థాన్నే చెబుతుంది. ఆవేశని శిల్పిశాలకు చెందినవాడు, బహుశా దానికి పెద్ద. సాంచీ దక్షిణతోరణం మీద శాతకర్ణి రాజు ఆవేశని, వాసిష్ఠీపుత్రుడు ఆనందుని దానం నమోదై ఉంది. జగ్గయ్యపేట శాసనంలో తండ్రీ కొడుకులు ఇద్దరూ ఆవేశనులే. అంటే వృత్తి వంశపారంపర్యంగా వచ్చింది. ఆనందునికి రాజాశ్రయం ఉంది. సిద్ధార్థుడు మాత్రం రాజును కాలం చెప్పడానికి పేర్కొని, దానం తనదేనని ప్రత్యేకంగా చెప్పుకున్నాడు.

వాన్ ఐక్ చట్రం మీద పేరు రాసుకున్నది ‘చేసినవాడు’గా. మార్టెన్ పేరు చట్రం మీదికి వచ్చింది ‘చేయించుకున్నవాడు’గా. సిద్ధార్థుడు వృత్తిచేత మొదటి వర్గానికి, శాసనంలో రెండవ వర్గానికి చెందుతాడు. స్తంభాలను స్వయంగా చెక్కాడో లేదో శాసనం చెప్పదు, ప్రతిష్ఠించాడని మాత్రమే చెబుతుంది. తన నైపుణ్యాన్ని గురించి ఒక్క విశేషణమైనా వేసుకోలేదు. వృత్తిని పరిచయంలో ఉంచి, కుటుంబాన్ని దానంలో ఉంచాడు. తండ్రి ఉన్నది ఒక ఊరు, తానున్నది మరొక ఊరు, దానం చేసినది మూడవ ఊరు. కమ్మరాష్ట్రాన్ని చరిత్రకారులు సాధారణంగా కృష్ణకు దక్షిణాన గుర్తిస్తారు. వెలగిరి కృష్ణకు ఉత్తరాన ఉంది. ఏరు దాటి వచ్చిన శిల్పి కుటుంబం తమ ఊరు కాని ఊళ్లో తమ పేర్లను రాతిమీద నిలిపింది.

తెలుగు అవతారికల వెలుగులో

దాత తన కుటుంబాన్ని చెప్పుకొనే ఈ పద్ధతికి తెలుగు కావ్యావతారికలలోని వంశవర్ణనతో దూరపు బంధుత్వం ఉంది. కవి తన తల్లిదండ్రులను, కృతిభర్త వంశాన్ని వర్ణించడం తెలుగు కావ్యమర్యాద. తిక్కన తల్లి అన్నమ, పోతన తల్లి లక్కమాంబ పేర్లు మనకు తెలియడం ఆ మర్యాదవల్లనే. అయితే అవతారికల సాధారణక్రమం తాతలతో, తండ్రితో మొదలై తల్లి వద్దకు వస్తుంది. ఆమె వంశాన్ని నిలిపిన ఇల్లాలుగా ప్రశంస పొందుతుంది. జగ్గయ్యపేట శాసనం తండ్రిని పరిచయానికి, తల్లిని కార్యానికి కేటాయించింది. వంశం ఎక్కడినుంచి వచ్చిందో తండ్రి పేరు చెబితే, కుటుంబం ఇప్పుడు ఎవరి వెనుక నిలబడి ఉందో తల్లి పేరు చెబుతుంది. మన అవతారికల వంశవర్ణనను అధ్యయనం చేసేవారు ప్రాకృత దానశాసనాలను కూడా పరిశీలన పరిధిలోకి తీసుకుంటే ఈ క్రమభేదాల చరిత్ర తెలుస్తుంది.

ముగింపు

ఫ్లెమిష్ భక్తిచిత్రంలో తల్లి ఆరాధ్య. శిశువు ఆమె చేతుల్లో ఉంటాడు, భక్తుడు ఆమె ఎదుట ఉంటాడు. జగ్గయ్యపేట శాసనంలో తల్లి ఆరాధకురాలు. పెద్దవాడైన కొడుకు ఆమె వెనుక నిలబడి, బుద్ధుని మహాచైత్యం ఎదుట ఆమెను ముందుంచాడు. ఈ భేదాన్ని చెరపకుండానే రెండింటినీ కలిపి చూడవచ్చు. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే రెండుచోట్లా భక్తిని చెప్పే భాష.

ధనంబోడు స్తూపానికి తరువాతి కాలంలోనూ భక్తులు వచ్చారు. నాగార్జునాచార్యుని శిష్యుడైన జయప్రభాచార్యుని శిష్యుడు చంద్రప్రభుడు అక్కడ బుద్ధప్రతిమను ప్రతిష్ఠించినట్లు మరొక శాసనం చెబుతుంది. అది గురుశిష్య పరంపర, నాగిలనిది రక్తసంబంధపు పరంపర. రాజుల వరుసను నిర్ణయించడానికి ఈ శాసనం చేసిన సేవ విలువైనదే. రాజుపేరు ముగిసిన తర్వాత వచ్చే పదకొండు పేర్లను కూడా అదే శ్రద్ధతో చదివినప్పుడు, క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో కృష్ణాతీరపు ఒక పనివాని ఇల్లు మనకు తెలుస్తుంది. ఆ ఇంట్లో నాయనమ్మ ముందు నడిచింది.